ఇంటి యంత్రములు: కారు మెదడు చెడినదన్నప్పుడు



ఈ శీర్షికలో ఇంతకు ముందు నీటి మోటారును గూర్చియు, పిండి రుబ్బు యంత్రమును గూర్చియు, కుట్టు మిషనును గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున కారును గూర్చి వ్రాయబూనితిని. కారు మగవారి వ్యవహారము గదా, మనకేల యని కొందఱకు తోచవచ్చును. కాని ఆ కారు నడిబాటలో నిలిచిపోయినప్పుడు ఆగిపోవునది ఎవరి పని? దాని మరమ్మతునకు వెచ్చించు రూపాయలు ఏ పోపుల డబ్బాలోనివి? ఈ రెండు ప్రశ్నలు వేసికొన్నచో అది మన వ్యవహారము కూడ నని తేటపడును.

“బండి బ్రెయిను పోయినది, కొత్తది వేయవలెను” అను మాట ఇప్పుడు మెకానిక్కుల నోట తఱచుగా వినబడుచున్నది. ఆ మాట ఖరీదు వేలలో నుండును. అది నిజమో కాదో తెలిసికొను మార్గమేమి, నిజమే యైనచో చేయవలసిన దేమి యనునది మా యింట జరిగిన సంగతివలన నేర్చుకొంటిని. అందు మెకానిక్కు చేసిన పొరపాటు కొంత గలదు. నేను చేసిన పొరపాటు అంతకన్న నెక్కువ గలదు. రెండును దాచక వ్రాయుచున్నాను.

మాది ఉద్దానము. పలాసకును సముద్రమునకును నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మాటున నున్న పల్లె. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరమును తాకి, తాతల నాటి తోటలను నేలకూల్చినది. ఆనాడు మిగిలిన కొద్ది చెట్లలో మా పెరటి పనస యొకటి. ఆ చెట్టు నీడనే కారు నిలుపుదుము. ఈ సంగతి మఱల చెప్పవలసి వచ్చును గాన జ్ఞాపకముంచుకొనుడు.

మా వారు జీవనార్థము దూరదేశమున నున్నారు. ఇంట అత్తగారు, మరిది, నేను, పిల్లలు. అత్తగారికి నాలుగేండ్లుగా మూత్రపిండముల వ్యాధి. ఆ వ్యాధి మా ఉద్దానమున ఎన్ని యిండ్లలో దూరినదో ఇక్కడి సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. ఒకప్పుడు చికిత్సకై విశాఖపట్టణము వఱకు పోవలసి యుండెడిది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. అత్తగారిని వారమునకు మూడు మారులు డయాలిసిసునకు పలాస తీసికొనిపోవుదుము. పోవునప్పుడు ఆటోలో కూర్చుండగలరు గాని, వచ్చునప్పుడు ఒడలు తూలిపోవుచుండును. అందువలననే 2014లో తయారైన చిన్న పెట్రోలు కారు నొకదానిని పాతదిగా కొంటిమి. అది మాకు విలాసమునకు కాదు. అది వారమునకు మూడు మారులు నడచిన చాలును. కాని ఆ మూడు మారులును నడువవలెను.

నిరుడు శ్రావణమున మూడు దినములు ముసురు పట్టెను. నాలుగవనాటి ఉదయము అత్తగారిని కూర్చుండబెట్టుకొని బయలుదేఱితిమి. కాశీబుగ్గ పొలిమేరకు వచ్చుసరికి బండి రెండు మారులు కుదిపి నిలిచిపోయెను. పసుపుపచ్చని ఇంజను గుర్తు వెలిగియుండెను. అత్తగారిని ఆటోలో పంపి, బండిని త్రాళ్ళతో లాగించుకొనిపోయితిమి. మెకానిక్కు చేతిలో ఇమిడెడు స్కానరును తగిలించి చూచి, “అమ్మా, నాలుగు సెన్సార్ల తప్పులు చూపిస్తంది. బ్రెయిను పోనాది. ఈసీఎం మార్చాల. ముప్పై యెనిమిది వేలవుతాది” అనెను. చూచినది పది నిమిషములు. మరిది నా ముఖము చూచెను. ఇంట నున్న రొక్కము జీడిపిక్కలు అమ్మగా వచ్చినది; అది పెద్దపిల్ల కాలేజీ ఫీజునకని తీసియుంచినది.

ఇంతకును ఈ మెదడు అననేమి? పూర్వపు అంబాసిడరు, పద్మిని కార్లలో పెట్రోలును గాలితో కలుపుటకు కార్బ్యురేటరను పరికరముండెడిది. దానికి ఆలోచన లేదు. ఒకమారు మర త్రిప్పి అమర్చినట్లు అది పోయుచుండెడిది. ఇప్పటి కార్లలో ఆ పనిని చిన్న కంప్యూటరు చేయుచున్నది. మనము పొయ్యి యొద్ద నిలిచి, పాలు పొంగునదియు లేనిదియు కనిపెట్టుచు, సెగను హెచ్చించుచు తగ్గించుచు నుందుము గదా! అట్లే ఆ పెట్టె ఇంజను వేడిమిని, లోనికి పోవు గాలిని, చక్రము తిరుగు వేగమును, పొగలో మిగిలిన ప్రాణవాయువును సెన్సార్లను పరికరములవలన తెలిసికొని, ఎంత పెట్రోలు చిమ్మవలెనో, నిప్పురవ్వ ఏ క్షణమున రాలవలెనో ఆజ్ఞాపించును. సెకనులో పలుమార్లు ఈ విచారణ జరుగుచుండును.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. జర్మనీలోని బాష్ సంస్థవారు 1967లో ఫోక్సువాగను 1600 కారునకు పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిని చిమ్ము ఏర్పాటు చేసిరి. 1979లో పెట్రోలును, నిప్పురవ్వను రెంటిని ఒకే పెట్టె నడుపు మోట్రానిక్ పద్ధతి బి.ఎం.డబ్ల్యు. 732ఐ కారులో వచ్చినది. మన దేశమున పొగను గూర్చిన నియమములు 2000వ సంవత్సరము నుండి అంచెలంచెలుగా బిగిసినవి. భారత్ స్టేజి నాలుగవ నియమములు 2010లో తొలుత 13 నగరములలోను, 2017 ఏప్రిలు నాటికి దేశమంతటను అమలులోనికి వచ్చినవి. ఆఱవవి 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి వచ్చినవి. ఈ నియమములు బిగియుటతోపాటు, ఇంజనులోని తప్పును బండి తానే వ్రాసియుంచుకొను ఏర్పాటును తప్పనిసరి యైనది. చుక్కాని చక్రము క్రింద వంగి చూచినచో 16 కాళ్ళ సాకెట్టు కనబడును. స్కానరును తగిలించునది దానికే.

ఆ స్కానరు చూపునది రోగము కాదు, లక్షణము మాత్రమే. ఫలానా సెన్సారునుండి వార్త సరిగా రాలేదు అని మాత్రమే అది చెప్పును. సెన్సారు చెడినదా, దాని తీగ తెగినదా, సాకెట్టు తుప్పుపట్టినదా, బ్యాటరీ నీరసించినదా, మెదడే చెడినదా యనునది మనిషి శోధించి తేల్చవలసినదే. కాళ్ళు వాచినంతనే మూత్రపిండములు చెడినవని మా ఊరి వైద్యులు చెప్పరు. రక్తము తీయుదురు, క్రియాటినిను చూతురు, ఇతర కారణములను ఒక్కొక్కటిగా తీసివేయుదురు. మనుష్యులకు మనము కోరు విచారణను బండికి మాత్రము ఏల కోరరాదు? ఈ ఆలోచన వచ్చి, “నాయనా, నేడు మార్చవద్దు, రెండు దినములు ఆగుము” అని మెకానిక్కుతో చెప్పి, ఆతని శ్రమకు తగినది ముట్టజెప్పి, బండిని టెక్కలికి చేర్పించితిని.

టెక్కలిలో వాహనముల వైరింగు పని యందు తల నెరసిన పెద్దాయన యొకరు కలరు. ఆయన సంగతి విని నవ్వి, “అమ్మా, ఒక వీధిలో నాలుగిళ్ళ దీపాలు ఒకేసారి ఆరితే నాలుగు బల్బులూ మాడిపోనాయంటామా? ఆ నాలుగిళ్ళకీ వచ్చే తీగ చూస్తాం గదా!” అనిరి. నాలుగు సెన్సార్లు ఒక రాత్రిలో చావవు. నాలుగింటికి ఉమ్మడిగా నున్నదేదియో చెడియుండును. ఆ ఉమ్మడి వస్తువు మెదడు కావచ్చును, కాకపోవచ్చును. ఆయన చేసిన పరీక్షలను ప్రక్కన నిలుచుండి వరుసగా వ్రాసికొంటిని.

మొదటిది బ్యాటరీ. నిండుగా నున్న బ్యాటరీ, బండి ఆగియున్నప్పుడు 12.6 వోల్టుల దాపున చూపవలెను. తాళము త్రిప్పి ఇంజనును లేపునప్పుడు అది 10కి దిగువకు జాఱినచో కంప్యూటరు సొమ్మసిల్లి తప్పుడు వార్తలు వ్రాయును. ఇంజను నడచుచున్నప్పుడు 13.5కును 14.5కును నడుమ నుండవలెను. రెండవది ఫ్యూజులును, కంప్యూటరునకు కరెంటు నిచ్చు రిలేయును. ఇవి కొద్దిపాటి వెలగల వస్తువులు. కాని ఇవి చెడినప్పుడు పెట్టెయే చచ్చినట్లు తోచును.

మూడవది ఎర్తు తీగ. కరెంటు పోవుటకు దారి యున్న చాలదు, తిరిగి వచ్చుటకును దారి కావలెను. మీటరు తీగలలో నొకదానిని బ్యాటరీ ఋణ కొనకును, రెండవదానిని కంప్యూటరు ఎర్తు కాలికిని ఆనించి, ఇంజనును లేపుచు చూచినచో ముల్లు సున్న దాపుననే యుండవలెను. వోల్టులో పదవ వంతునకు మించరాదు. మా బండిలో అది ఒక వోల్టునకు పైగా చూపెను. నాలుగవది సెన్సార్లకు కంప్యూటరు పంపు 5 వోల్టులు. అవి రానిచో, ఒక్కొక్క సెన్సారు సాకెట్టును ఊడదీయుచు చూడవలెను. ఏదియో యొకటి ఊడదీయగానే 5 వోల్టులు మఱల వచ్చినచో, ఆ సెన్సారో దాని తీగయో తప్పు చేసినది గాని మెదడు కాదు. అయిదవది తీగల కట్టను చేతితో తడిమి, ఎలుక కొఱికినదేమో, ఒఱసికొన్నదేమో చూచుట. ఇవన్నియు ముగిసిన పిమ్మటనే పెట్టెను అనుమానింపవలెను.

మా బండిలో తప్పు మూడవ పరీక్షలోనే దొరికెను. ముందు ఎడమవైపు సీటు ఎదుట, కాళ్ళు పెట్టు చోట, చాప క్రింద ఎర్తు తీగను బిగించిన మర యొకటి గలదు. అది తెల్లగా, పచ్చగా ఉప్పుపేరినట్లు తుప్పుపట్టి యుండెను. ఆయన గరుకు కాగితముతో రుద్ది, కొత్త కొన వేసి బిగించిరి. బండి లేచినది. తప్పులను చెఱిపి చూడగా మఱల రాలేదు. అయిన ఖర్చు 650 రూపాయలు.

బయలుదేఱునప్పుడు పెద్దాయన, “నీళ్ళెక్కడో దిగుతున్నాయమ్మా. వాన తగ్గినాక ఓసారి తీసుకురండి, చూద్దాం” అనిరి. అట్లే యంటిని. ఇంటికి వచ్చి, 38,000 రూపాయల పని 650తో చేయించితినని మా వారికి ఫోనులో గొప్పగా చెప్పుకొంటిని. ఇరుగుపొరుగు వారికిని చెప్పితిని. వాన తగ్గినది, బండి నడచుచున్నది, టెక్కలి మాట మఱచిపోయితిని.

మఱచిన మాట అదొక్కటి కాదు. అత్తగారు ఎప్పుడును ముందు ఎడమవైపు సీటులోనే కూర్చుందురు. ఆషాఢము నుండియు ఆమె, “ఈ బండిలో కూర్చుంటే కాళ్ళకింద చల్లగా తగులుతాది” అనుచునే యుండిరి. వాచిన కాళ్ళు గదా, వ్యాధివలన అట్లు తోచుచున్నదేమో యనుకొంటిమి. ఒకనాడు ఆమె పాదములకు మేజోళ్ళు కూడ తొడిగితిని. అంతే గాని వంగి ఆ చాపను చేతితో తాకి చూచిన పాపమున పోలేదు. రోగి చెప్పు మాట నెల్ల రోగమునకే కట్టివేయుట మన యిండ్ల అలవాటు. ఆమె చెప్పినది బండి సంగతి యని మాకు తట్టలేదు.

పందొమ్మిదవనాడు రాత్రి మఱల కుంభవృష్టి కురిసెను. తెల్లవారి తాళము త్రిప్పగా బండి ఉలుకదు, పలుకదు. మామూలుగా తాళము త్రిప్పగానే క్షణకాలము వెలుగవలసిన పసుపుపచ్చని గుర్తు కూడ వెలుగలేదు. ఆ వానలో మా పల్లెకు ఆటో దొరకలేదు. ఆనాటి వంతు తప్పినది. డయాలిసిసు వంతు తప్పినచో ఒంటిలో నీరు నిలుచునని అందఱు నెఱుగుదురు. రాత్రి రెండు గంటలకు అత్తగారికి ఊపిరి ఆడలేదు. పడుకొనలేక, గోడకు చేరబడి కూర్చుండి, నా చేయి పట్టుకొని యుండిరి. 108 వాహనము వచ్చి ఆసుపత్రికి చేర్చు వఱకు నేను లెక్కించినది నిమిషములు కాదు, ఆమె ఊపిరులు. దైవకృపవలన తెల్లవారుసరికి నెమ్మదించినది. ఆ రాత్రి ఆసుపత్రి బల్లపై కూర్చుండి, 650 రూపాయల గొప్ప ఎన్ని మారులు చెప్పుకొంటినో లెక్కవేసికొని సిగ్గుపడితిని.

మఱునాడు పెద్దాయనను ఇంటికే పిలిపించితిమి. ఒక్క మాటయు దెప్పక పని మొదలిడిరి. బ్యాటరీ సరిగా నున్నది. ఫ్యూజులు, రిలే సరిగా నున్నవి. కంప్యూటరు సాకెట్టునకు కరెంటు వచ్చుచున్నది. ఎర్తు కొత్తది గాన చక్కగా నున్నది. అయినను స్కానరు పలుకరించిన పెట్టె బదులీయదు. సెన్సార్ల నన్నింటిని ఊడదీసినను 5 వోల్టులు రాలేదు. అన్నము పెట్టుచున్నాము, దారి తెఱచియున్నది, అడ్డు పడువారు లేరు. అయినను పలుకదన్నచో తప్పు పెట్టెలోనిదే. అప్పుడు గాని ఆయన దాని మీద చేయి వేయలేదు. గ్లవ్ బాక్సు వెనుకనుండి తీసి వంచగా రెండు చుక్కల నీరు రాలెను. మూత విప్పగా, రాగి గిన్నెకు చిలుము పట్టినట్లు, కాళ్ళన్నియు పచ్చగా నుండెను.

ఈమారు నేను ముందుగా అడిగిన ప్రశ్న, “నీళ్ళెక్కడివి?” అని. ఆయన ముందు అద్దము క్రింద, తుడుపు కఱ్ఱలున్న చోట, ప్లాస్టికు జల్లెడను విప్పి చూపిరి. వాన నీరు అద్దము మీదినుండి జాఱి ఆ జల్లెడ క్రింది తొట్టెలో పడి, ఇరుప్రక్కల రంధ్రములగుండ నేలకు పోవలెను. ఆ రంధ్రములలో పనస ఆకులు క్రుళ్ళి, నల్లని ముద్దలై, బిరడాలవలె బిగిసియుండెను. పోవు దారి లేక నీరు నిండి, లోనికి గాలి వచ్చు దారిగుండ పొంగి, పెట్టె మీదను, ఎర్తు మర మీదను, అత్తగారి పాదముల క్రిందను దిగుచుండెను. రెండు దోసిళ్ళ చెత్త తీసితిని. తిత్లీకి తట్టుకొని నిలిచిన చెట్టని మురిసి దాని క్రిందనే బండి నిలుపుచుంటిమి; దాని ఆకులను తీయుట మాత్రము మఱచితిమి.

మొదటి మెకానిక్కు మాట విని ఆనాడే 38,000 పెట్టి కొత్త పెట్టెను వేయించియున్నచో ఏమగునో ఆలోచింపుడు. అదియు ఆ ధార క్రిందనే కూర్చుండి చెడియుండును. అట్లని నేను చేయించినది గొప్ప పనియు కాదు. తుప్పును తుడిచితిని గాని, తుప్పు ఏల పట్టెనని అడుగలేదు. ఆనాడే అడిగియున్నచో ఈ పెట్టె బ్రదికియుండెడిదేమో!

ఇక మార్పిడి సంగతి. మా ముందు మూడు దారులుండెను. ఒకటి, చెడిన పెట్టెనే బాగుచేయించుట. లోపల అతుకు విడినను, ఒక చిన్న భాగము మాడినను విశాఖపట్టణమువంటి పట్టణములలో బాగుచేయు పనివారు కలరు. కాని నీరు పలకలోని సన్నని రాగి దారులను తినివేసినచో, నేడు అతికిన చోటు విడిచి రేపు మఱియొక చోట తెగును. మాది అట్టిదే యని వారు పరీక్షించి చెప్పిరి. రెండవది, విఱుగగొట్టిన బండినుండి తీసిన పాత పెట్టెను కొనుట. ఇది చౌక, కాని పై రూపు ఒకటైనంత మాత్రమున చాలదు. పెట్టె మీది చీటీలోని సంఖ్య అక్షరము పొల్లుపోక కలియవలెను. పైగా, దొంగలనుండి కాపాడుటకై ఇప్పటి కార్లలో తాళపుచెవి తలలో చిన్న చిప్పు నుంతురు. పెట్టె తన తాళపుచెవిని మాత్రమే గుర్తించును. పరుల యింటి పెట్టెను తెచ్చి పెట్టినచో అది మన తాళపుచెవిని ఎఱుగదు. రెంటికిని పరిచయము చేయింపనిదే ఇంజను లేవదు. మూడవది, కంపెనీ ద్వారా కొత్తది తెప్పించుట. బండి ఛాసిస్ నంబరు నిచ్చినచో దానికి సరియైనది వచ్చును. దానిలో బండి వివరములు వ్రాసి, రెండు తాళపుచెవులను గుర్తింపజేసి యిత్తురు.

వారమునకు మూడు మారులు ప్రాణముతో పనియున్న బండి గాన మూడవ దారినే పట్టితిమి. పెట్టె వెల 29,400. బిగించుటకును తాళపుచెవుల పరిచయమునకును 1,800. వెరసి 31,200 రూపాయలు. బిల్లును, గ్యారంటీ కాగితమును వచ్చినవి. మొదట అడిగిన 38,000 రూపాయలు కొత్త పెట్టెకో పాతదానికో నేనడుగలేదు, ఆతడు చెప్పలేదు. మోసమని నేననను; అడుగవలసినది అడుగకపోవుట నా లోపము.

రూపాయలు కూర్చుటకు ఆలోచించుచుండగా అత్తగారు తన పెట్టె తెప్పించుకొనిరి. డయాలిసిసునకై ఫిస్టులా వేసిన చేతికి గాజులుండరాదు గాన ఆ చేతి బంగారు గాజులను తీసి అందు దాచియుంటిమి. “ఈ చేతికి ఇంక వెయ్యనివ్వరు గదా, వీటినమ్మి బండి బాగుచేయించండి” అనిరి. మరిది ముఖము త్రిప్పుకొనెను. నేను కాలేజీకి పోయి గడువు అడుగగా రెండు నెలలు ఇచ్చిరి. జీడిపిక్కల రొక్కముతో పెట్టె వచ్చినది. ఆ గాజులు అత్తగారి పెట్టెలోనే యున్నవి.

కొత్తది వచ్చుటకు తొమ్మిది దినములు పట్టెను. అన్నాళ్ళును ప్రొరుగింటివారు తమ ఆటోను ముందు రాత్రియే మా వాకిట నిలిపిరి. బిగించు దినమున ముందుగా బ్యాటరీ ఋణ తీగను విప్పిరి. ఆకుల తొట్టెను కడిగి, బిందెడు నీరు పోసి, నీరు రెండు ప్రక్కలను నేలకు పాఱుట చూచిన పిదపనే పెట్టెను బిగింపనిచ్చితిని. సాకెట్టు కాళ్ళనుకూడ శుభ్రపఱచిరి. పాత సాకెట్టులో చిలుము మిగిలినచో కొత్త పెట్టెకును అదియే గతి. తప్పులను చెఱిపి, టెక్కలి వఱకు పోయి వచ్చి, మఱల స్కానరు పెట్టి చూచితిమి. ఏమియు లేదు. తరువాత వచ్చిన కార్తీకపు వానలలో బండి ఒక్కనాడును నిలువలేదు. చాప పొడిగా నున్నదో లేదో ఇప్పుడు అత్తగారే పాదముతో పరీక్షించి చెప్పుచున్నారు.

మన పుస్తకములో వ్రాసియుంచుకొనవలసినవి కొన్ని చెప్పి ముగింతును. బండి నిలిచిన దినము, వాన యుండెనా, ఇంజను వేడిగా నుండెనా చల్లగా నుండెనా, తాళము త్రిప్పగానే పసుపుపచ్చని గుర్తు వెలిగెనా లేదా యనునవి వెంటనే వ్రాయుడు. పనివానికి ఇంతకన్న మేలైన సాయము లేదు. స్కానరు చూపిన తప్పుల సంఖ్యలను చెఱుపక ముందే వ్రాసికొనుడు. బ్రెయిను పోయినదన్నవారిని కోపపడక నాలుగు మాటలు అడుగుడు: బ్యాటరీని, ఎర్తును మీటరుతో చూచితిరా? సెన్సార్లను ఊడదీసి 5 వోల్టులు చూచితిరా? పెట్టె కొత్తదా, పాతదా, దాని సంఖ్య యేమి? ఇది దేనివలన చెడినది? నాలుగవ ప్రశ్నకు సమాధానము వచ్చువఱకు రూపాయలు తీయకుడు.

చేయరానివి మూడు. నీరసించిన బ్యాటరీకి వేఱు బండినుండి తీగలు కలుపునప్పుడు ధన ఋణములను తాఱుమాఱు చేయరాదు; ఒక్క క్షణములో పెట్టె మాడవచ్చును. బ్యాటరీ తీగలను విప్పక బండికి వెల్డింగు చేయింపరాదు. ఇంజను మీద పంపుతో నీరు చిమ్మి కడిగింపరాదు. చేయవలసినది యొకటి: చెట్టు క్రింద బండి నిలుపువారు వారమున కొకమారు అద్దము క్రింది జల్లెడలో ఆకులు తీయుడు. ఉప్పుగాలి తగులు మా తీరమున ఇది మఱింత యవసరము. గుమ్మము ముందు కసవు ఊడ్చు చేతులకు అది రెండు నిమిషముల పని.

మఱియు, బండిలో కూర్చున్నవారు కాళ్ళ క్రింద చల్లగా నున్నదన్నచో, ఒకమారు వంగి చేయిపెట్టి చూడుడు.